వెలుగుకు దారి

పాఠ్యభాగ ఉద్దేశం

సూర్యరశ్మి ప్రకృతి అందరికీ సమానంగా ఇచ్చిన సంపద. దాని గమనాన్ని కొలిచి, అవసరమైనచోట అద్దంతో మళ్ళించి, నలుగురూ చూసే తావున నిలిపే కళ ఒకటున్నది. ఆ కళ తెలుగునాట దేవాలయాలలోను, ఇతర దేశాల ఊరి కూడళ్ళలోను ఏ విధంగా రూపొందిందో తెలియజేయడం, దాని వెనుకనున్న శాస్త్రాన్ని వివరించడం, దానిని కాపాడుకోవడంలో సమాజానికి గల బాధ్యతను గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

1. కవుల ఉదయగిరి, నెల్లూరు ఉదయగిరి

సూర్యోదయ, సూర్యాస్తమయాలను వర్ణించేటప్పుడు మన ప్రాచీన కవులు రెండు కొండలను తలచుకొంటారు. తూర్పున ఉన్నది ఉదయగిరి. దానికే పూర్వాద్రి అని మరొక పేరు. పడమట ఉన్నది అస్తగిరి. సూర్యుడు మొదటి కొండ వెనుకనుండి పైకి వచ్చి, రెండవ కొండ వెనుకకు దిగిపోతాడని కావ్యాలు చెబుతాయి. ఇది కవిసమయం. భూగోళ పటంలో వెదికితే ఈ కొండలు కనిపించవు. ఎవరి ఊరికి తూర్పున ఉన్న కొండ వారికి ఉదయగిరి.

అయితే ఆ పేరును నిజంగానే ధరించిన కొండ ఒకటి నెల్లూరు జిల్లా పడమటి భాగంలో ఉన్నది. సుమారు 3,000 అడుగుల ఎత్తున నిలిచిన ఉదయగిరి దుర్గం చరిత్రలో ప్రసిద్ధమైనది. గజపతుల ఏలుబడిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దాదాపు ఏడాదిన్నర పాటు ముట్టడించి 1514లో జయించాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తన రాజధానికి తరలించి, 1515లో హంపీలోని కృష్ణాలయంలో ప్రతిష్ఠ చేయించాడు. చుట్టూ ఉన్న మైదానం ఇంకా మసకచీకటిలో ఉండగానే ఈ దుర్గశిఖరం వెలుగుతుంది. ఎత్తయిన చోటు దూరపు దిగంతాన్ని చూడగలదు. కనుక సూర్యుడు దానికి కొన్ని నిమిషాలు ముందుగా కనిపిస్తాడు. పేరు పెట్టినవారి మనసులో ఏమున్నదో గాని, ఆ పేరు మాత్రం ఆ కొండకు తగినది.

ఉదయగిరికి, ఆత్మకూరుకు ఎండ కొత్త కాదు. మెట్టపొలాల మీద, రాతి గుట్టల మీద వేసవి ఎండ నిలువునా కాస్తుంది. ఈ 'నిలువునా' అనే మాట అలంకారం కాదు, అక్షరసత్యం. ఈ రెండు ఊళ్ళూ భూమధ్యరేఖకు, కర్కటరేఖకు నడుమ, సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరలో ఉన్నాయి. అందువల్ల ఏప్రిల్ చివర లేదా మే తొలి రోజులలో ఒకసారి, ఆగస్టు రెండవ వారంలో మరొకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజులలో మధ్యాహ్నం పన్నెండు దాటిన పావుగంట అటూ ఇటూగా, నిటారుగా పాతిన కర్రకు పక్కనీడ ఉండదు; నీడ దాని మొదటిలోనే అణగిపోతుంది. కళాశాల ఆవరణలో ఒక కర్రను పాతి, కొన్ని రోజుల పాటు మధ్యాహ్నపు నీడ కొనను గుర్తిస్తూ వస్తే ఏ విద్యార్థి అయినా దీనిని స్వయంగా చూడవచ్చు. సూర్యకాంతితో కళను నిర్మించిన వారందరూ మొదట చేసిన పని ఇదే. వారు తమ చోట వెలుగు ఏ రోజున ఎక్కడ పడుతుందో ఓపికగా గమనించారు.

2. రాతిలో విడిచిన దారి

ఉదయగిరిని జయించిన కృష్ణదేవరాయలే తన తల్లి నాగలాంబ పేరిట నాగలాపురంలో వేదనారాయణస్వామి ఆలయాన్ని కట్టించాడని ప్రతీతి. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండిన ఈ ఊరు 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది. స్వామి మత్స్యావతార రూపంలో పడమటి ముఖంగా కొలువై ఉంటాడు. ఏటా మార్చి చివరి వారం సమీపంలో సాయంత్రం ఆరు గంటల వేళ అస్తమించే సూర్యుని కిరణాలు రాజగోపురం దాటి, మండపాలగుండా సాగి, గర్భగుడిలోని మూర్తిని తాకుతాయి. మొదటి రోజు పాదాలపై, రెండవ రోజు నాభిపై, మూడవ రోజు శిరస్సుపై కిరణాలు ప్రసరిస్తాయని చెబుతారు. సూర్యపూజా మహోత్సవం పేరుతో జరిగే ఈ వేడుకను చూడటానికి భక్తులు వేలాదిగా వస్తారు.

శ్రీకాకుళం దగ్గరి అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో ఇటువంటిదే ఉదయవేళ జరుగుతుంది. మార్చి 9, 10, 11 తేదీలలోను, అక్టోబరు 1, 2, 3 తేదీలలోను, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు, లేత సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను స్పృశిస్తాయి. రథసప్తమికి వచ్చే జనసందోహం ఒక ఎత్తు. కొద్ది నిమిషాలు మాత్రమే నిలిచే ఈ దర్శనం కోసం తెల్లవారక ముందే బారులు తీరే జనం మరొక ఎత్తు.

ఏడాదిలో మూడు రోజులే ఎందుకు? అరసవల్లిలో రెండు పర్యాయాలు ఎందుకు? దీనికి సమాధానం సూర్యుని గమనంలో ఉన్నది. సూర్యుడు ప్రతిదినం ఒకే చోట ఉదయించడు. ఆరు నెలలు ఉత్తరానికి, ఆరు నెలలు దక్షిణానికి జరుగుతూ ఉంటాడు. పగలూ రాత్రీ సమంగా ఉండే విషువత్తుల సమీపంలో ఈ జరుగుబాటు అత్యంత వేగంగా, రోజుకు సుమారు 0.4 డిగ్రీల చొప్పున, ఉంటుంది. సూర్యబింబం వెడల్పు మన కంటికి దాదాపు అర డిగ్రీ. అంటే ఒక రోజు గడిచేసరికి సూర్యుడు ఇంచుమించు తన వెడల్పంత పక్కకు జరుగుతాడు. ద్వారాల వరుస పొడవుగా, ఇరుకుగా ఉంటే ఆ వరుసకు సూటిగా సూర్యుడు నిలిచేది రెండు మూడు రోజులే. ఇక ఉత్తరానికి పోతూ మార్చి రెండవ వారంలో దాటిన బిందువునే సూర్యుడు దక్షిణానికి తిరిగివస్తూ అక్టోబరు మొదట్లో మళ్ళీ దాటుతాడు. అందుకే అరసవల్లిలో ఏడాదికి రెండు పర్యాయాలు.

నల్లగొండ సమీపంలోని పానగల్లు ఛాయాసోమేశ్వరాలయం వెలుగుతో గాక నీడతో చేసిన చిత్రం. మూడు గర్భగుడులు ఒకే మండపం వైపు తెరుచుకొన్న త్రికూటాలయమిది. ఇందులో ఒక గర్భగుడిలో శివలింగం వెనుకనున్న గోడపై స్తంభాకారంలో ఒక నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. బయట సూర్యుడు తూర్పునుండి పడమటికి పోతున్నా ఆ నీడ తన చోటు విడువదు. ఎండ సూటిగా లోపలికి రాకుండా, మండపం పక్కలనున్న ఖాళీల గుండా చెదరిన వెలుగు మాత్రమే లోపలికి చేరేటట్లు స్తంభాలను అమర్చడమే ఇందులోని మర్మం.

ఈ మూడు చోట్లా శిల్పి వెలుగును తయారు చేయలేదు. వెలుగుకు దారి విడిచాడు. మిగిలిన పనిని సూర్యుడు చేసుకొనిపోతున్నాడు.

3. అద్దం చేసే పని

దారి విడిచినా వెలుగు రాని చోట ఏమి చేయాలి? అక్కడ అద్దం అవసరమవుతుంది. సంస్కృతంలో 'ఆదర్శం' అనే పదానికి అద్దం అనే అర్థం కూడా ఉన్నది. ఉన్నదానిని ఉన్నట్లు చూపేది, చూసి దిద్దుకొనడానికి పనికివచ్చేది ఆదర్శం. ఒకే మాటలో వస్తువును, విలువను కలిపి చెప్పిన మన పెద్దల భాషాప్రజ్ఞ ప్రశంసింపదగినది.

మానవుడు చూసిన మొదటి అద్దం నీరు. ఆత్మకూరుకు సమీపంలోని అనంతసాగరం చెరువు కట్ట మీద గాని, పెన్నానదిపై ఉన్న సోమశిల జలాశయం ఒడ్డున గాని ప్రాతఃకాలంలో నిలబడితే నీటిపై పడిన ఎండ ఎదురుగా ఉన్న చెట్ల కాండాల మీద అలలు అలలుగా ఆడటం కనిపిస్తుంది. ఆ ఆటను మనిషి మొదట మెరుగుపెట్టిన లోహపు రేకులోను, తరువాత గాజు అద్దంలోను పట్టుకొన్నాడు. తిరుమల ఆలయంలోని అద్దాల మండపంలో ఊయలపై స్వామివారు కొలువుదీరగానే చుట్టూ ఉన్న అద్దాలలో ఆ మూర్తి అసంఖ్యాకంగా కనిపిస్తుంది. లంబాడీ స్త్రీలు తమ దుస్తులపై కుట్టుకొనే చిన్న చిన్న అద్దపు బిళ్ళలు నడకతోపాటు ఎండను నలుదిక్కులా చిమ్ముతాయి. మొదటిది రాజాస్థానాల, ఆలయాల కళ. రెండవది తండాల కళ. రెండింటికీ మూలం ఒకే సూత్రం.

వెలుగు అద్దాన్ని ఏ కోణంలో తాకుతుందో అదే కోణంలో తిరిగి వెళుతుంది. దీనిని పరావర్తన నియమం అంటారు. ఒక చిన్న అద్దంతో ఎండను నీడలో ఉన్న గోడమీదికి పంపితే ఈ నియమం కంటికి కనబడుతుంది. దానితోపాటు మరి రెండు విశేషాలు తెలుస్తాయి. మొదటిది: అద్దం చతురస్రంగా ఉన్నా, దూరపు గోడపై పడే వెలుగుమచ్చ గుండ్రంగా ఉంటుంది. అది అద్దం ఆకారం కాదు, సూర్యబింబం. రెండవది: అద్దాన్ని కదల్చకుండా ఒక రాతిపై నిలిపినా, పది నిమిషాలలో ఆ మచ్చ తన చోటు విడిచి జరిగిపోతుంది. గోడ ఇరవై మీటర్ల దూరంలో ఉంటే ఆ జరుగుబాటు మూరెడుకు మించి ఉంటుంది. ఈ ప్రయోగం చేసేవారు వెలుగును ఎవరి కళ్ళలోకీ, దారిన పోయే వాహనాల మీదికీ పంపరాదు.

సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీల చొప్పున కదులుతున్నట్లు కనిపిస్తాడు. అద్దం కొంత తిరిగితే దాని నుండి వెలువడే కిరణం అంతకు రెండింతలు తిరుగుతుంది. కాబట్టి వెలుగును ఒకే చోట నిలిపి ఉంచాలంటే అద్దాన్ని సూర్యుని కదలికలో సగం వేగంతో తిప్పుతూ ఉండాలి. ఇలా సూర్యుని అనుసరించి తిరిగే అద్దపు యంత్రాన్ని హీలియోస్టాట్ అంటారు.

4. కొండ అడ్డుపడిన ఊళ్ళు

కొండ వెలుగును తెచ్చిపెడుతుందని మన కవులు భావించారు. ఐరోపాలోని కొన్ని లోయలలో కొండ వెలుగును దాచిపెడుతుంది. ఇటలీలోని విగనెల్లా అటువంటి చిన్న గ్రామం. ఏటా నవంబరు 11 నుండి ఫిబ్రవరి 2 వరకు ఆ ఊరి కూడలిపై ఎండ పడదు. 1999లో జాకొమో బొంజాని అనే వాస్తుశిల్పి అక్కడి చర్చి గోడపై నీడగడియారం ఏర్పాటు చేయాలని ప్రతిపాదించాడు. ఎండే లేని రోజులలో నీడగడియారం ఏమి చెబుతుంది? ఊరికి ఏడాది పొడవునా ఎండ కావాలన్నాడు అప్పటి మేయర్ పియర్‌ఫ్రాంకో మిదాలి. ఆ కోరిక నుండి అద్దం ఆలోచన పుట్టింది. 2006 డిసెంబరులో ఎదుటి కొండపై 8 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు గల అద్దాన్ని నిలిపారు. కంప్యూటర్ ఆజ్ఞల ప్రకారం అది సూర్యుని అనుసరిస్తూ కూడలిలోకి ఎండను పంపుతుంది.

నార్వేలోని ర్యూకన్ పట్టణం కథ ఇంకా పాతది. జలవిద్యుత్తు ఆధారంగా ఏర్పడిన పారిశ్రామిక పట్టణమది. సెప్టెంబరు చివరి నుండి మార్చి రెండవ వారం వరకు లోయ అడుగున ఎండ ఉండదు. కొండమీద అద్దం పెట్టి ఊరిలోకి వెలుగు తేవచ్చునని 1913లోనే ఆస్కార్ కిట్టిల్సన్ అనే గుమాస్తా సూచించాడు. పట్టణ స్థాపకుడు, పారిశ్రామికవేత్త సామ్ ఐడె ఆ ఆలోచనను ఇష్టపడ్డాడు గాని, దానిని ఆచరణలో పెట్టగల సాంకేతికత అప్పటికి లేదు. దానికి బదులు అక్కడి సంస్థ 1928లో తాళ్ళపై నడిచే రవాణా మార్గాన్ని నిర్మించింది. ఎండ కోసం జనమే కొండపైకి వెళ్ళేవారు.

ఈ శతాబ్దం మొదట్లో ఆ ఊరికి వచ్చి స్థిరపడిన మార్టిన్ ఆండర్సన్ అనే కళాకారుడు పాత ఆలోచనను తిరిగి లేవనెత్తాడు. దీనిని అతడు ఒక ప్రజాకళా ప్రణాళికగా రూపొందించాడు. సుమారు 50 లక్షల క్రోనర్ల ఖర్చు వృథా అని ఊరివారిలోనే కొందరు ఆక్షేపించారు. అయినా పని ఆగలేదు. 2013 అక్టోబరులో కూడలికి 450 మీటర్ల ఎత్తున, ఒక్కొక్కటి 17 చదరపు మీటర్ల వైశాల్యం గల మూడు అద్దాలు పనిచేయడం మొదలుపెట్టాయి. అవి కూడలిలో సుమారు 600 చదరపు మీటర్ల మేర ఎండను పరుస్తాయి. ప్రారంభోత్సవం నాడు పెద్దలు, పిల్లలు కూడలిలో కుర్చీలు వేసుకొని, చలువ కళ్ళద్దాలు ధరించి ఎండలో కూర్చున్నారు. నూరేళ్ళ కిందట ఒక గుమాస్తా కన్న కల ఆ విధంగా నెరవేరింది.

ఈ రెండు ఊళ్ళలోనూ అద్దం నిలిచిన కొండ ఆ ఊరికి ఉదయగిరి అయినది. వెలుగు కొండ వెనుకనుండి గాక కొండమీది అద్దంనుండి ఉదయించింది. మన కవిసమయం అక్కడ ఇనుముతో, గాజుతో నిజమైనది.

5. చోటును బట్టి కళ

ఒకచోట మేలు చేసిన ఉపాయం అన్నిచోట్లా మేలు చేయదు. అద్దం అందమైనదే గాని, వంపు తిరిగిన అద్దం ప్రమాదకరం కూడా. పుటాకార దర్పణం ఎండను ఒకచోటికి కుప్పగా పోస్తుంది. 2013లో లండన్‌లోని ఫెన్‌చర్చ్ వీధిలో నిర్మాణంలో ఉన్న ఎత్తయిన భవనం గాజు ముఖభాగం లోపలికి వంగి ఉండటం వలన ఎదుటి వీధిలో ఎండ కేంద్రీకృతమై, నిలిపిన కారు భాగాలు కరిగిపోయాయి. మరుసటి ఏడాది ఆ భవనానికి ఎండను అడ్డగించే రేకులు అమర్చవలసి వచ్చింది. సూర్యుని దారి లెక్కింపకుండా అద్దాన్ని నిలిపితే జరిగేది ఇదే.

ఉదయగిరి, ఆత్మకూరు వంటి మెట్టప్రాంతాలకు ర్యూకన్ అద్దం పనికిరాదు. అక్కడ ఎండ కరవు. ఇక్కడ నీడ కరవు. ఇటువంటి చోటికి తగిన ఉదాహరణ అమెరికాలోని యూటా ఎడారిలో ఉన్నది. నాన్సీ హోల్ట్ అనే కళాకారిణి 1976లో అక్కడ నాలుగు పెద్ద కాంక్రీటు గొట్టాలను ఏర్పాటు చేసింది. ఒక్కొక్కటి 18 అడుగుల పొడవు, 9 అడుగుల వ్యాసం గలది. ఏడాదిలో అతి దీర్ఘమైన పగలున్న రోజుల పరిసరాలలోను, అతి హ్రస్వమైన పగలున్న రోజుల పరిసరాలలోను ఉదయించే సూర్యుడు, అస్తమించే సూర్యుడు ఆ గొట్టాల నడుమ సరిగ్గా కనిపిస్తాడు. గొట్టాల పైభాగాన నక్షత్రమండలాల ఆకృతిలో రంధ్రాలున్నాయి. పట్టపగలు లోపల నీడలో నిలిచినవారి పాదాల చెంత వెలుగుచుక్కలు నక్షత్రాలవలె పరుచుకొంటాయి. ఎడారిలో నడిచి వచ్చినవారికి అది చిత్రమూ, చలువా కూడా.

నీడను, వెలుగును కలిపి అల్లే ఈ నేర్పు మన పల్లెలకు పరాయిది కాదు. వేసవి మధ్యాహ్నం చింతచెట్టు కింద ఆకుల సందులనుండి జారిన గుండ్రని వెలుగుబిళ్ళలు పిల్లలందరూ చూసినవే. అవి కూడా సూర్యబింబాలే. పాక్షిక సూర్యగ్రహణం నాడు అవే బిళ్ళలు నెలవంకలుగా మారతాయి. బడి ఆవరణలో గాని, బస్సు ఆగే చోట గాని వేసే ఒక పందిరికి లెక్కప్రకారం రంధ్రాలు ఉంచితే, అది నీడతోపాటు కాలాన్ని కూడా చెప్పగలదు. దానికి కావలసినది పెద్ద ధనం కాదు, ఒక సంవత్సరం పాటు ఎండను గమనించే ఓర్పు.

6. ఉమ్మడి సొత్తు

సూర్యకాంతితో చేసిన కళకు ఒక ప్రత్యేకత ఉన్నది. చిత్రపటాన్ని పెట్టెలో దాచవచ్చు. విగ్రహాన్ని మరొక ఊరికి తరలించవచ్చు. ఉదయగిరి బాలకృష్ణుడు హంపీకి వెళ్ళినట్లు శిల్పాలు రాజుల వెంట ప్రయాణం చేస్తాయి. నాగలాపురంలో ప్రసరించే సాయంకాలపు కిరణాన్ని మాత్రం ఎవరూ తరలించలేరు. అది ఆ చోటికి, ఆ రోజుకు, ఆ దారికి చెందినది. దానిని ఎవరూ ఎత్తుకొనిపోలేరు గాని, ఎవరైనా అడ్డగించగలరు. కిరణం వచ్చే వరుసలో ఒక గోడ, ఒక రేకుల పందిరి, ఒక ప్రకటన ఫలకం చాలు, శతాబ్దాల లెక్క ఒక్కనాటితో వ్యర్థమవుతుంది. శిల్పాన్ని పగలగొట్టిన చప్పుడు అందరికీ వినిపిస్తుంది. వెలుగు ఆగిపోయిన చప్పుడు ఎవరికీ వినిపించదు.

కాబట్టి ఈ కళకు కర్త ఒక్క శిల్పి మాత్రమే కాదు. దారి విడిచినవాడు శిల్పి అయితే, ఆ దారిని మూయకుండా కాపాడుతూ వచ్చిన తరతరాల ప్రజలు కూడా దానికి కర్తలే. నాగలాపురంలో ఐదు శతాబ్దాల తరువాత కూడా కిరణం లోపలికి వస్తున్నదంటే, ఇన్నేళ్ళుగా ఎందరో ఆ దారిని అడ్డగించకుండా ఉన్నారన్నమాట. అది గొప్ప నిర్మాణంతో సమానమైన పని. ర్యూకన్ ప్రజలు ధనం వెచ్చించి వెలుగును తెచ్చుకొన్నారు. మనకు వెలుగు వెల లేకుండా వచ్చింది. దానికి దారి ఉంచడమే మన వంతు.

కఠినపదాలకు అర్థాలు

కవిసమయం = కవుల సంప్రదాయంలో స్థిరపడిన కల్పన
పూర్వాద్రి = తూర్పు కొండ
దిగంతం = దిక్కుల చివర
విషువత్తు = పగలు, రాత్రి సమానంగా ఉండే రోజు
పరావర్తనం = తాకి తిరిగి వెళ్ళడం
పుటాకార దర్పణం = లోపలికి వంగిన అద్దం
ప్రతీతి = లోకంలో ఉన్న నమ్మకం
హ్రస్వం = పొట్టిది

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. నాగలాపురం, అరసవల్లి ఆలయాలలో సూర్యకిరణాలు నియమిత దినాలలోనే మూలమూర్తిని తాకడానికి గల కారణాలను వివరించండి.
2. 'అద్దం నిలిచిన కొండ ఆ ఊరికి ఉదయగిరి అయినది' అనే వాక్యాన్ని విగనెల్లా, ర్యూకన్ ఊళ్ళ కథల ఆధారంగా సమర్థించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. 'ఆదర్శం' అనే పదంలోని విశేషాన్ని తెలపండి.
2. పానగల్లు ఆలయంలో నీడ కదలకపోవడానికి కారణమేమి?
3. మెట్టప్రాంతాలకు యూటా ఎడారిలోని నిర్మాణం ఎందుకు తగిన ఉదాహరణ?
4. సూర్యకాంతి కళకు ప్రజలు కూడా కర్తలు ఎట్లా అవుతారు?

ఏకపద / ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. కృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని ఏ సంవత్సరంలో జయించాడు?
2. నాగలాపురం ఆలయం ఏ దిక్కుకు అభిముఖంగా ఉన్నది?
3. సూర్యుని అనుసరించి తిరిగే అద్దపు యంత్రాన్ని ఏమంటారు?
4. ర్యూకన్ కూడలికి వెలుగును పంపే అద్దాలు ఎన్ని?

భాషాంశాలు

సంధులు
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
పూర్వాద్రి = పూర్వ + అద్రి – సవర్ణదీర్ఘసంధి
అత్యంత = అతి + అంత – యణాదేశసంధి

సమాసాలు
సూర్యకిరణాలు – సూర్యుని యొక్క కిరణాలు – షష్ఠీ తత్పురుష సమాసం
మూడు అద్దాలు – మూడు సంఖ్య గల అద్దాలు – ద్విగు సమాసం
యూటా ఎడారి – యూటా అనే పేరు గల ఎడారి – సంభావనా పూర్వపద కర్మధారయం

అభ్యాసం

మీ కళాశాల ఆవరణలో నిటారుగా పాతిన కర్ర మధ్యాహ్నపు నీడను నెల రోజుల పాటు గుర్తించి, మీరు గమనించిన విషయాలను ఒక పుటలో రాయండి.